ఉపకారకథలయందు వక్తయు గ్రహీతయు

పరదేశమున నాపద సంభవించినప్పుడు రాజాజ్ఞగాని జీతముగాని లేకయే గాయపడినవారికిని రోగులకును బరిచర్య చేసినవారి వృత్తాంతములు పాశ్చాత్యవాఙ్మయమున 1860 ప్రాంతమునుండి యొక ప్రత్యేకశాఖగా వృద్ధి పొందినవి. వీనిలోఁ గొన్ని యనుభవకథనములు, కొన్ని నవలలు. ఇట్టి గ్రంథమును జదువునపుడు విమర్శకునకు రెండు ప్రశ్నలు తప్పక తోఁచును. ఉపకారము చేసినవాఁడే తన యుపకారమును జెప్పుకొనవచ్చునా యనునది మొదటిది. ఉపకారము పొందినవానికి ఆ కథలో నెట్టి స్థానము గలదనునది రెండవది. మొదటి ప్రశ్నకు అలంకారశాస్త్రమునందును, రెండవ ప్రశ్నకు వ్యాకరణశాస్త్రమందలి కారకప్రకరణమునందును బ్రాచీనులు చేసిన విచారము మిక్కిలి తోడ్పడును. ఆ విచారమును రెండు ఫ్రెంచిగ్రంథములకు అన్వయించి చూపుట యీ వ్యాసమున కుద్దేశము. అందు మొదటిది హెన్రీ డ్యునాంట్ 1862లోఁ బ్రకటించిన సోల్ఫెరినో స్మృతి. రెండవది ఆల్బేర్ కామూ 1947లోఁ బ్రకటించిన 'లా పెస్త్' అను నవల. ఈ పేరునకు మహామారి యని యర్థము.

భామహుఁడు గద్యకావ్యమును ఆఖ్యాయిక యనియుఁ గథ యనియు విభజించి, ఆఖ్యాయికలో నాయకుఁడు తాను చేసినదానిని దానే చెప్పుననియు, కథలో నితరులు చెప్పుదురనియు భేదము చూపెను. కథలో నాయకుఁడు తన చరిత్రను దాను జెప్పకుండుటకు భామహుఁ డొక హేతువును గూడఁ జెప్పినాఁడు. కులీనుఁడైనవాఁడు తన గుణములను దానే యెట్లు వెల్లడించుకొనునని యాతని ప్రశ్న. దండి యీ విభాగము నంగీకరింపలేదు. ఆఖ్యాయికలలోఁ గూడ నితరులు వక్తలుగా నుండుట కనఁబడుచున్నదనియు, కథయు నాఖ్యాయికయు నొకే జాతికి రెండు పేర్లనియు నాతఁడు నిర్ణయించెను. జరిగినదానిని జరిగినట్లు చెప్పువానికి స్వగుణావిష్కరణ మనునది దోషము కాదని దండి చేసిన సమాధానము ఇచట ముఖ్యము. కావున భామహుని దృష్టి శీలముపై నున్నది. దండి దృష్టి సత్యముపై నున్నది.

ఈ వాదము వట్టి లక్షణవివాదమని పాఠశాలలలోఁ ద్వరగా దాఁటిపోవుట కలదు. రాజకన్యాహరణము, యుద్ధము, వియోగము మొదలగు కథావస్తువులలో స్వగుణప్రశంస పాఠకుని కంతగా బాధ కలిగింపదు. బాణుఁడు హర్షచరితమున మొదట దన వంశమును, దన బాల్యమును జెప్పుకొన్నను, ఆ కవిని ఆత్మస్తుతిపరుఁడని యెవ్వరును ద్రోసివేయలేదు. కాని పరోపకారమే కథావస్తువైనపుడు స్వగుణావిష్కరణము కథలో నొక యంశము గాక కథయంతయు నగును. నీరిచ్చినాఁడు, కట్టు కట్టినాఁడు, రాత్రి మేలుకొన్నాఁడు అని చెప్పఁబడు ప్రతివాక్యమునందును గర్త వక్తయే. ఇట్టిచోట భామహుని ప్రశ్న పదునెక్కును. దండి సమాధానమునకును బరీక్ష కలుగును.

డ్యునాంట్ గ్రంథము ఆఖ్యాయిక. 1859 జూను 24న ఇటలీదేశమందలి లొంబార్డీలో సోల్ఫెరినో గ్రామమువద్ద ఫ్రెంచి, సార్డీనియా సైన్యములు ఒకవైపునను, ఆస్ట్రియా సైన్యము మఱియొకవైపునను బోరాడినవి. జెనీవానివాసి యగు డ్యునాంట్‌కు ఆ యుద్ధముతో సంబంధము లేదు. తాను కేవలము యాత్రికుఁడనని గ్రంథమున నాతఁడు చెప్పుకొన్నాఁడు. సమీపమందలి కాస్తిల్యోనె పట్టణమునకు గాయపడిన సైనికులు తండోపతండములుగా వచ్చి పడిరి. అచటి పెద్దచర్చిలో దాదాపు 500 మంది క్రిక్కిఱిసి పడియుండఁగా, వాకిట గడ్డిపై మఱి 100 మంది యుండిరని యాతఁడు వ్రాసెను. అన్నమును నీరును గలవు. కాని యందించు చేతులు లేవు. ఈ లోపమును జూచియే యాతఁడు పట్టణస్త్రీలను గూర్చుకొని పనికిఁ గడఁగెను. తన బండివానిని బ్రెష్యాకుఁ బంపి నారింజలు, నిమ్మపండ్లు, పంచదార, చొక్కాలు, కట్టుగుడ్డలు, గుండుసూదులు, పొగాకు తెప్పించెను. ఒక వృద్ధనావికాధికారి, ఇద్దఱాంగ్లేయయాత్రికులు, ఇటలీదేశపు మతగురు వొకఁడు, పారిస్ పత్రికారచయిత యొకఁడు ఆ పనిలోఁ జేరిరి. శత్రుపక్షమువారైన యాస్ట్రియనులను గూడ నాపట్టణస్త్రీలు సోదరులుగానే యెంచి పరిచర్య చేసిరి.

ఈ గ్రంథమున స్వగుణావిష్కరణదోషము ఏల తోఁపదని విచారింపఁగా రెండు కారణములు కనఁబడును. డ్యునాంట్ తన పనికంటె తన పని చాలకపోవుటను బెక్కుమాఱులు చెప్పెను. ఒకనికి నీరిచ్చుచుండఁగా వేఱొకఁడు మరణించుట, చేయఁదలఁచినదానిలో లేశమైనను జేయలేకపోవుట యాతని కథనమున కాధారము. రెండవ కారణము గ్రంథాంతమునఁ గలదు. శాంతికాలముననే ప్రతిదేశమునందును స్వచ్ఛందపరిచారకసంఘములను సిద్ధపఱచియుంచవలదా యని యాతఁడు ప్రశ్నించి కథను ముగించెను. కావున నాత్మకథనము ఆ ప్రశ్నకు సాక్ష్యముగా మాత్రము నిలిచినది. ఆ ప్రశ్నవలననే 1863లో జెనీవాలో నైదుగురితో నొకసంఘ మేర్పడి, తరువాత నంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘమైనది. 1864 ఆగస్టు 22న 12 రాజ్యములు జెనీవా ఒడంబడికపైఁ జేవ్రాళ్లు చేసినవి. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతిబహుమానము డ్యునాంట్‌కును ఫ్రెడెరిక్ పాసీకిని గలిపి యియ్యఁబడెను.

అయినను దండి చెప్పిన సత్యనియమముతోఁ బరీక్షించినపు డొక లోపము కనఁబడును. డ్యునాంట్ లొంబార్డీకి వచ్చుటకు గారణము యాత్రాకుతూహలము కాదు. ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన అల్జీరియాలో నాతని కొక పిండిమరల వ్యాపార ముండెను. అచట భూమిని, నీటిహక్కును సంపాదించుటకై ఫ్రెంచిచక్రవర్తి మూఁడవ నెపోలియనును గలిసికొనఁగోరి యాతఁ డచటికి వచ్చెను. గ్రంథమున నీమాట లేదు. ఆతఁడు చూచినదియుఁ జేసినదియు సత్యమే. కాని యుపకర్త యచట నేల యుండెను, ఆతనికిఁ బ్రయాణవ్యయ మెక్కడనుండి వచ్చెను అను ప్రశ్నలు ఆఖ్యాయికలోనికి రాలేదు. జరిగినదానిని జెప్పుట వేఱు. జరిగినదానికిఁ దగినంత చెప్పుట వేఱు. ఆ వ్యాపారములు చెడి 1867లో నాతఁడు దివాలా తీసెను.

ఇఁక నవలకు వత్తము. కామూ 1913లో అల్జీరియాలోనే పుట్టినవాఁడు. 1941–42లలో ఒరాన్ పట్టణమునఁ గొంతకాలము నివసించినవాఁడు. 'లా పెస్త్' కథ ఆ యొరాన్‌లోనే జరుగును. ఏప్రిలు మాసమున నెలుకలు వీథులలోనికి వచ్చి చచ్చుటతో మహామారి తెలియవచ్చును. పట్టణద్వారములు మూయఁబడును. లోపలివారు వెలుపలికిఁ బోలేరు. వెలుపలివారు లోపలికి రాలేరు. మరల ఫిబ్రవరిలో ద్వారములు తెఱచువఱకుఁ గల వృత్తాంతమే నవల. వైద్యుఁడైన రియూ యీ కథలో ముఖ్యుఁడు. తారూ అనువాఁడు కొలఁదివారముల క్రిందటనే యా యూరికి వచ్చి హోటలులో దిగినవాఁడు. రాంబేర్ అనువాఁడు పారిస్‌నుండి వచ్చిన పత్రికారచయిత; ద్వారములు మూయుటవలనఁ జిక్కుకొన్నవాఁడు. పరిచారకదళములను మొదలుపెట్టినవాఁడు తారూ. కావున స్వచ్ఛందసేవకు బీజము నాటినది ఊరివాఁడు కాదు, వచ్చినవాఁడు.

ఈ నవలలో వక్త యెవఁడు? ఆరంభముననే గ్రంథకర్త 'కథకుఁడు' అని యొకనిని బేర్కొని, వాఁడెవఁడో తగిన సమయమునఁ దెలియునని చెప్పును. అటుతరువాత రియూ మొదలైనవారందఱును బ్రథమపురుషలోనే చెప్పఁబడుదురు. కడపటి ప్రకరణమునఁ గాని ఆ కథకుఁడు రియూయే యని తెలియదు. తన సాక్ష్యము, ఇతరులు తనకుఁ జెప్పినమాటలు, తారూ వ్రాసికొన్న పుస్తకములు అను మూఁడింటిని ఆధారముగాఁ గొని కథ చెప్పినట్లు వాఁడు తెలుపును. ఇది భామహదండులిరువురకును సమ్మతము కాఁదగిన యుపాయము. నాయకుఁడు తన గుణములను దాను జెప్పుకొనలేదు గనుక భామహుని యాక్షేపము లేదు. చెప్పినవాఁడు చూచినవాఁడే గనుక దండి కోరిన సత్యమును గలదు. కాదంబరిలో శుకము కథ చెప్పుచుండఁగా నాకథలోని వైశంపాయనుఁడే యా శుకమని తుద కెఱుకపడుట సంస్కృతపాఠకులకుఁ దెలిసినదే. బాణుని కది చమత్కారము; కామూ కది వినయము.

ఈ కథకుఁడు పరిచారకదళములను బొగడుటకు నిచ్చగింపఁడు. సత్కార్యములకు మితిమీఱిన ప్రాధాన్యము నిచ్చినచో నవి లోకమున నరుదైనవనియు, దుష్టత్వమును ఉదాసీనతయుఁ జాల సామాన్యములనియు నొప్పుకొన్నట్లగునని వాని యభిప్రాయము. ఉపాధ్యాయుఁడు రెండును రెండును నాలుగని నేర్పినందున కెవ్వరు నాతని నభినందింపరు. ఆ వృత్తిని గైకొన్నందులకు నభినందింపవచ్చును అని యొక యుదాహరణ మీయఁబడినది. పాఠశాలాపండితుల కీ యుదాహరణము విశేషముగా రుచింపఁగలదు. మహామారి యున్నది, పోరాడవలెను. ఇది లెక్కవంటి విషయము. వెలుపలి దేశములవారు రేడియోద్వారా పంపిన సానుభూతివాక్యములు వీరకావ్యమువలెనో బహుమానసభలోని యుపన్యాసమువలెనో వినఁబడి వైద్యునకు విసుగు పుట్టించెనని గూడ నందుఁ గలదు. ఆ పెద్దమాటలలో, దినదినము సాయంకాలము రెండుగంటలు కూర్చుండి రోగులలెక్కలు వ్రాయు గ్రాన్ అను చిన్నయుద్యోగి యిమడఁడు. కథ కొక వీరుఁడు కావలసినచో నీ గ్రాన్‌నే తీసికొనుఁడని కథకుఁడు చెప్పును.

ఇంతవఱకు వక్తృవిచారము. ఇఁక రెండవ ప్రశ్న. కారకప్రకరణమునఁ గర్త స్వతంత్రుఁడు. ఒకనిచేఁ బ్రేరేపింపఁబడి పని చేయువాఁడు ప్రయోజ్యకర్త. 'స్వచ్ఛంద' శబ్దమునకును దన యిచ్చ యనియే యర్థము. నవలలో నధికారులు కారాగారమందలి ఖైదీలను బరిచర్యకుఁ బంపవలెనని యాలోచింతురు. స్వతంత్రులైన మనుష్యులే యీపనికి రావలెనని తారూ కోరును. మరణించుటకుఁ బ్రేరేపకుఁడొకఁడు, మరణించువాఁ డొకఁడు కారాదని యాతని తలంపు. బ్రతికి బయటఁబడు నవకాశము మూఁటి కొకపాలు మాత్రమే యని రియూ చెప్పినను వాఁడు వెనుదీయఁడు. ఇచట స్వతంత్రకర్తకును బ్రయోజ్యకర్తకును గల భేదము పరిభాషగా నుండక, ప్రాణములతోఁ గూడిన భేదమైనది.

దానక్రియలో నిచ్చెడివస్తువు నెవని నుద్దేశించి కర్త యిచ్చునో వాఁడు సంప్రదానము. భర్తృహరి వాక్యపదీయమున సంప్రదానమును మూఁడువిధములుగాఁ జెప్పెను. ఇమ్మని ప్రేరేపించువాఁడు ప్రేరకుఁడు. ఇచ్చుట కనుమతించువాఁడు అనుమంత. అడుగకయు, ననుమతింపకయు, ద్రోసివేయక యుండువాఁడు అనిరాకర్త. యాచకుఁడు మొదటిదానికిని, గోవును స్వీకరించు గురువు రెండవదానికిని, అర్ఘ్యము గొను సూర్యుఁడు మూఁడవదానికిని వ్యాఖ్యాతలు చూపిన యుదాహరణములు. ఆపన్నులకు జేయు నుపకారమునందు నీ విభాగము సరిగాఁ బొసఁగుచున్నది. కాస్తిల్యోనెలో నీరు నీరని కేకలు వేసినవాఁడు ప్రేరకుఁడు. కట్టు కట్టించుకొనుటకుఁ జేయి చాఁచినవాఁ డనుమంత. తెలివి తప్పి పడియున్నవాఁ డనిరాకర్త. ఉపకారకథలలోఁ బెక్కింటియందు గ్రహీత మూఁడవజాతివాఁడుగనే యుండును. సూర్యునకు అర్ఘ్య మిచ్చినట్లు వానికి నన్నవస్త్రములీయఁబడును, వాఁడు మాటలాడఁడు.

'లా పెస్త్' నీ మూఁటిలోను జేరని యొక గ్రహీతను జూపినది. రోగలక్షణములు కనఁబడఁగానే రోగిని గొనిపోవలెను, ఇంటివారిని వేఱుచేయవలెను. ఒక తల్లి తనబిడ్డను దీసికొనిపోవలదని వైద్యుని వేఁడుకొనును. ఏడుపులు, తగవులు, తుదకు బోలీసువాండ్రు. ఇట్టి యిండ్లకు రియూ ప్రతిసాయంకాలమును బోవలసియుండెను. ఈ తల్లి ప్రేరకురాలు కాదు, అనుమంత్రి కాదు, అనిరాకర్త్రియు గాదు, నిరాకరించుచున్నది. త్రోసివేయువానికి సంప్రదానత్వము కుదురదు. వ్యాకరణదృష్టిచే నిచట దానక్రియయే లేదు; బలాత్కారముగాఁ గొనిపోవుటయే కలదు. అయినను బట్టణమును రక్షించుటకు నది యావశ్యకము. ఉపకారమున కిట్టి ముఖ మొకటి కలదని దాఁపక చెప్పుటయే యీ నవలయొక్క సత్యనిష్ఠ. గ్రహీతల కృతజ్ఞతనే వర్ణించు కథలలో నీ తల్లికిఁ జోటు లేదు.

గ్రహీత కర్త యగుటకూడ నీనవలలోఁ గలదు. ఒతోఁ అను న్యాయాధిపతి కుమారునకు మహామారి తగులును. ముసలివైద్యుఁడు కస్తెల్ ఆ యూరనే సిద్ధపఱచిన సీరము మొదట నీ బాలునిపైఁ బ్రయోగింపఁబడును. బాలుఁడు దీర్ఘమైన బాధ ననుభవించి మరణించును. న్యాయాధిపతి క్రీడాస్థలమున నేర్పఱచిన శిబిరమున నిర్బంధింపఁబడి, విడుదల యైన పిమ్మట, ఆ శిబిరమునకే పరిచారకుఁడుగా మరలఁ బోవుదునని కోరును. మొన్నటివఱకు సంప్రదానముగా నున్నవాఁడు నేఁడు కర్త. రాంబేర్ విషయ మింకొకవిధమైనది. ఆతఁడు మొదట నీ యూరు తనది కాదని వాదించి, దొంగదారిని బాఱిపోవ యత్నించును. పోవుటకు సర్వము సిద్ధమైన రాత్రి యాగిపోవును. తా నొంటరిగా సుఖపడుట సిగ్గుపడఁదగినదనియు, చూచినదంతయుఁ జూచిన వెనుకఁ దా నీయూరివాఁడనే యనియు నాతని నిర్ణయము. పరదేశసేవ యను మాటలోని 'పర' శబ్ద మట్లు తొలఁగిపోయినది. డ్యునాంట్ గ్రంథమునందలి పారిస్ పత్రికారచయిత పేరులేక మాటలోనే మాయమయ్యెను. వానివంటివానికే నవల యింత మనఃపరివర్తనమును బెట్టినది.

కాని యీ నవలయందును బెద్దలోప మొకటి గలదు. రాంబేర్ ఒరాన్‌కు వచ్చినది అరబ్బుల జీవనస్థితిని విచారించి పత్రికకు వ్రాయుటకు. పూర్ణసత్యమును బ్రకటింపఁగలవా యని రియూ యడుగును. పూర్తిగాఁ గాదని యాతఁడు చెప్పఁగా, రియూ సమాచార మీయక, చచ్చిన యెలుకలనుగూర్చి వ్రాయవచ్చునని సలహా యిచ్చును. అటుపిమ్మట నరబ్బుల ప్రసక్తి దాదాపుగా లేదు. మహామారి కాలములో వా రేమైరి? వారిలో నెందఱు మరణించిరి, ఎవరు పరిచారకులైరి? కథకుఁడు చెప్పఁడు. పేరుగల పాత్రలలో నరబ్బు లేఁడు. కానర్ క్రూజ్ ఓబ్రయన్ 1970లోఁ బ్రకటించిన విమర్శగ్రంథమున నీలోపమును స్పష్టముగా నెత్తి చూపెను. కామూకు వారి దుఃఖము తెలియదనుటకు వీలులేదు. 1939 జూనులో కబీలీప్రాంతమందలి కఱవును, దారిద్ర్యమును స్వయముగాఁ జూచి యల్జీర్స్ పత్రిక కాతఁడే వరుసగా వ్యాసములు వ్రాసెను. పత్రికలో గనఁబడినవారు నవలలోఁ గనఁబడలేదు. ఇది రోగముతోఁ బోరాడువారి సద్గుణమునకుఁ గళంకము గాదు. కథ యెవరి బాధను బాధగా లెక్కించెనను దానికి సంబంధించినది.

ఇట్టి లోపమునకు సమాధానము వేఱొకచోటినుండి వచ్చినది. కామూ 1942 నాఁటి నవలయగు 'లెత్రాఁజే'లో హతుఁడైన యరబ్బునకుఁ బేరు లేదు. అల్జీరియారచయిత కమెల్ దావూద్ 2013లోఁ బ్రకటించిన నవలలో నా హతునకు మూసా యని పేరిచ్చి, వాని తమ్ముని వక్తగాఁ జేసెను. పూర్వకథలో గర్మగా మాత్రముండినవాఁడు తరువాతి కథలో నాప్తబంధువు నోట మాటలాడెను. పేరొక్కటి యిచ్చుటవలన నెంత భేద మేర్పడునో డ్యునాంట్ కూడ నెఱుఁగును. ఇరువదేండ్ల వయసుగల క్లాడియస్ మాజ్యుయే అను సైనికుని పేరును, లియోన్ పట్టణమందలి వాని తల్లిదండ్రుల చిరునామాను ఆతఁడు వ్రాసికొనెను. వాఁ డా తల్లిదండ్రులకు నొక్కఁడే కుమారుఁడు. కుమారుని మరణవార్త వారికిఁ జేరినది ఆ వ్రాఁతవలననే. ఆ గ్రంథమున వేలకొలఁది గాయములు వర్ణింపఁబడినను బాఠకుని మనస్సున నిలుచువాఁ డీ మాజ్యుయే.

కాఁబట్టి యిట్టి గ్రంథములను బరీక్షించువారు రెండు విషయములను జూడవలసియుందురు. వక్త తన్నుఁ దాను జెప్పుకొనెనా, దాఁచుకొనెనా యనునది మొదటిది. ఇందు దండి చెప్పిన సత్యమే ప్రమాణము. చెప్పుకొనినను సత్యమైనచో దోషము లేదు. దాఁచుకొనినను గావలసినదానిని దాఁచినచో దోషము గలదు. వాక్యములలో నాపన్నుఁ డెప్పుడును చతుర్థీవిభక్తిలోనే యుండెనా, ఎచ్చటనైనఁ బ్రథమావిభక్తికి వచ్చెనా యనునది రెండవది. రోగి పేరు, రోగి మాట, రోగి నిరాకరణము, రోగి చేసిన పని యివి కథలో నున్నచో నది ఉపకారకథ. ఇవి లేనిచో నది ఉపకర్త కథ మాత్రమే. తెలుఁగున నిట్టి వస్తువును నవలగా వ్రాయఁబూనువారికిఁ గథాఖ్యాయికాభేదమును, సంప్రదానత్రైవిధ్యమును బాఠ్యవిషయములుగా మిగిలిపోక, పాత్రలను నిలిపి చూచుకొనుటకుఁ బనికి వచ్చును.